పాలడబ్బా మీది అక్షరాలు

బెల్లంపల్లి,
6 జూలై 1966

అనసూర్యకు, నీ వదిన నాగవ్వ రాస్తున్న సంగతులు.

మీ అన్నకు ఈ వారం మొదటి షిఫ్టు. తెల్లవారకముందే బొగ్గుబాయిలోకి దిగుతున్నాడు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గలేదు గాని, నల్లా దగ్గర కొట్లాటకు మాత్రం అందరికన్న ముందే ఉంటున్నది. మామయ్య పేరు బాబుకు పెట్టుకున్నాం కదా, మొగని పేరు నోట తీయనని వాణ్ని రాయమల్లు అని పిలవదు, పెద్దమనిషి అంటుంది. మొన్న "పెద్దమనిషి ఇల్లంత పాడుచేసిండు" అని అరిస్తే, పక్కింటి అంతయ్య ఎవడో తాగి వచ్చాడనుకొని కర్ర పట్టుకొని ఉరికి వచ్చాడు.

నవ్వే సంగతి అయిపోయింది. బాబుకు పది రోజులుగా విరేచనాలు. పక్కటెముకలు తేలినవి. నా పాలు మే నెలలోనే ఎండిపోయినవి. అప్పటినుంచి డబ్బా పాలు పడుతున్నాం. వాటితోపాటు పప్పుకట్టు, ఉడికించిన మునగాకు, బొప్పాయి పండు మెదిపి పెడుతున్నాను. ఇందులో ఏది పడడం లేదో తెలియడం లేదు.

డబ్బా మీద ఏం రాసి ఉందో చూసి పంపమని పోయిన ఉత్తరంలో అడిగావు. నాకు ఇంగ్లీషు రాదని నీకు తెలుసు. మెట్‌పల్లి బడిలో ఏడో తరగతి దాకా నేర్చింది తెలుగూ లెక్కలే. అందుకని డబ్బాను ఒళ్లో పెట్టుకొని, ఒక్కొక్క అక్షరం ఎట్లుంటే అట్ల దింపాను. మీ అన్న చూసి "ముగ్గేస్తున్నవా" అన్నాడు. వేరే కాగితం మీద ఉన్నది అదే. తప్పులుంటే సర్దుకో. బొద్దుపిల్లాడి బొమ్మ మాత్రం వేయలేకపోయాను.

ఈ పాలు వాడికి సరిపోతాయా, ఇంకేం పెట్టాలి, ఏం మానాలి, నీకు ఏది తోస్తే అది రాయి. నువ్వు చెప్పినట్లే చేస్తాను. ఇక్కడ ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతున్నారు.

నీ వదిన,
నాగవ్వ


హుజూరాబాద్,
13 జూలై 1966

వదినా,

నీ ముగ్గు చాలా బాగుంది. మా బ్లాకు ఆఫీసులో సూపరింటెండెంటు రాసే ఇంగ్లీషు కన్న నీ అక్షరాలే తేలికగా చదివాను. ఒక్క అంకె కూడా తప్పు పోలేదు.

ఇప్పుడు ఆ కాగితంలో ఏముందో చెబుతాను, విను. మొదటి వరుసలో ఉన్నది మాంసకృత్తులు, ఒంట్లో కండ పెరగడానికి. రెండోది కొవ్వు. మూడోది పిండిపదార్థం, చక్కెర. తరువాత సున్నం, ఇనుము. అన్నిటికన్న కింద విటమిన్ ఎ, విటమిన్ డి. ఇవన్నీ నూరు గ్రాముల పొడిలో ఎంతెంత ఉన్నాయో ఆ అంకెలు చెబుతాయి. ఏ వయసు బిడ్డకు రోజుకు ఏది ఎంత కావాలో మాకు హైదరాబాదు కాలేజీలో ఒక పట్టిక కంఠతా పట్టించారు. అర్ధరాత్రి లేపి అడిగినా చెబుతాను. వాడి వయసుకు డబ్బా మీద రాసిన చెంచాలను నీ అంకెలతో హెచ్చవేసి, ఆ పట్టిక పక్కన పెట్టి చూశాను. ఇనుము ఒక్కటే కొంచెం తక్కువ. మిగతా అన్నీ సరిపోయాయి. విటమిన్ ఎ అయితే కావలసినదానికి మించే ఉంది.

రెండేళ్లుగా ఊరూరా తిరిగి ఆడవాళ్లకు ఈ సంగతులు చెబుతున్నాను. వింటారు, తల ఊపుతారు, వెళ్లి తమకు తోచిందే చేస్తారు. అడిగి, అక్షరాలు దింపి పంపినదానివి నువ్వొక్కదానివే.

కాబట్టి నా మాట ఇది. వాడి పేగులు అలిసి ఉన్నాయి. పప్పు, ఆకు, బొప్పాయి అన్నీ ఆపెయ్యి. విరేచనాలు కట్టాక కూడా ఒక నెలదాకా పెట్టకు. వాడికి కావలసినవన్నీ డబ్బాలో ఉన్నాయి. నీళ్లు మసలకాచి చల్లార్చి కలుపు. అవ్వ ఏదో ఒకటి నోట్లో పెడతానంటుంది, నా తల్లి నాకు తెలియదా, ఒప్పుకోకు. లెక్క మన వైపు ఉంది.

పెద్దమనిషికి ముద్దులు.

నీ ఆడబిడ్డ,
అనసూర్య


బెల్లంపల్లి,
2 సెప్టెంబర్ 1966

అనసూర్యా,

విరేచనాలు కట్టుకున్నవి. నువ్వు చెప్పినట్లే పాలు తప్ప ఏదీ పెట్టలేదు. బొప్పాయి ముక్కకు చేయి చాపి ఏడిస్తే కూడా పెట్టలేదు. అత్తమ్మ నాలుగు రోజులు నా చేతి నీళ్లు ముట్టలేదు. నెల అన్నావు గాని మళ్లీ తిరగబెడతాయేమోనని ఇప్పటిదాకా అట్లే నడిపించాను.

ఒక సంగతి రాయాలి. ఇది రాసేటంతటిదో కాదో తెలియదు. పొద్దుగూకే వేళకు వాడు ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉంటున్నాడు. ఇదివరకు కందిలి ముట్టించగానే దానిమీదికి దోగాడుకుంటూ పోయేవాడు, ఆపలేక చచ్చేవాళ్లం. ఇప్పుడు కదలడు. మొన్న నేను పిలిస్తే వస్తూ వస్తూ నీళ్ల గోలేనికి నొసలు కొట్టుకున్నాడు. గోలెం అక్కడ ఉన్నదని వాడికి తెలియనట్లే వచ్చాడు.

పగలేమో వెలుతురు చూడలేక నా ఒళ్లో మొఖం దాచుకుంటున్నాడు. కంటి తెల్లగుడ్డు ఎండినట్లున్నది, తడి లేదు. నల్లగుడ్డు పక్కన సబ్బునురగ అంటుకున్నట్లు చిన్న మచ్చ. కొంగుతో తుడిచాను, పోలేదు.

దిష్టి అని అత్తమ్మ మిరపకాయలు తీసి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదట, కాబట్టి దిష్టే అంటున్నది. మీ అన్న జర ఓపిక పట్టమన్నాడు. నాకు మాత్రం భయంగా ఉన్నది. బొగ్గుబాయిలోకి దిగినవాడు మళ్లీ వచ్చేదాకా ఎట్లుంటుందో ఆ భయం నాకు అలవాటే. ఇది అట్లాంటిది కాదు. వీడు నా ఒళ్లోనే ఉన్నాడు, అయినా ఎక్కడికో దిగిపోతున్నాడు.

నాగవ్వ


హుజూరాబాద్,
6 సెప్టెంబర్ 1966

వదినా,

నురగ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మా పుస్తకంలో ఒక పేజీ నిండా పిల్లల కళ్ల ఫోటోలు ఉండేవి. చూడలేక గబగబా తిప్పేసేదాన్ని. పరీక్షకు మాత్రం ఆ పేజీ వచ్చింది, జవాబు కూడా రాశాను. పొద్దుగూకితే చూపు ఆనదు, కన్ను ఎండుతుంది, నురగలాంటి మచ్చ వస్తుంది. విటమిన్ ఎ ఒంట్లో లేనప్పుడు.

కాని ఇది ఎట్లా అవుతుంది? డబ్బాలో ఉంది కదా. నీ కాగితం తీసి మళ్లీ హెచ్చవేశాను. పక్కగదిలో ఉండే లెక్కల పంతులమ్మతో కూడా వేయించాను. లెక్క తప్పలేదు. తప్పు దొరికి ఉంటే ఇంత భయపడేదాన్ని కాదు.

ఇది చదవగానే వాణ్ని ఎత్తుకొని దవాఖానకు పో. జవాబు రాయడానికి కూడా కూర్చోకు, పోయి వచ్చాక రాయి. మీ అన్న షిఫ్టు అయ్యేదాకా ఆగకు. అవ్వను తోడు తీసుకో. మునగాకు, తోటకూర, బొప్పాయి, మేక కార్జం ఉడికించిన రసం, ఏది దొరికితే అది పెట్టు. నేను వద్దన్నది మరిచిపో.

కొన్ని సంగతులు చూసి రాయి. ఆ పాలు చల్లారితే మీద మీగడ కడుతుందా? పొడి పసుపురంగు తిరిగి ఉందా, తెల్లగా ఉందా? చేతి వేళ్లకు జిడ్డు అంటుతుందా? ఆ డబ్బా ఎప్పుడు కొన్నది? మూత తీసేనాటికి లోపల రేకు బిగించి ఉందా?

రేపు జీపులో లోపలి ఊళ్లకు క్యాంపు పోతున్నాను, తప్పదు. నేను వచ్చేసరికి నీ ఉత్తరం బల్లమీద ఉండాలి. అందులో ఏమీ లేదని, కందిలి పొగకు కళ్లు మండాయని రాసి ఉండాలి.

అనసూర్య


బెల్లంపల్లి,
11 సెప్టెంబర్ 1966

అనసూర్యా,

ఇయ్యాల నాకు పుస్తకం భాష వస్తలేదు. నోటికి వచ్చినట్లు రాస్తున్న, చదువుకో.

దవాఖానకు తీస్కపోయినం. డాక్టరమ్మ రెప్పలు విప్పి చూసి, ఇన్నొద్దులు ఏం జేసినవని నన్ను గదమాయించింది. అప్పుడే సూది వేసింది. వార్డులనే ఉండుమన్నది. వాని పక్కన కింద కూసోని రాస్తున్న.

నువ్వు అడిగినయి చెప్త. మీగడ కట్టదు. ఒక్కనాడు కట్టలే. తేలిగ్గ అరుగుతయని నేను సంబురపడ్డ. పొడి తెల్లగ సున్నం తీర్గ ఉంటది. జిడ్డు లేదు. నీళ్లల్ల కలిపితే జర నీలం రంగు తిరుగుతది.

ఆ డబ్బ నేను కొనలే. వీని పురుడు అయినప్పుడు పట్నంకెళ్లి నువ్వే తెచ్చినవు, యాదికున్నదా? గా పాలు ఎప్పుడో అయిపోయినయి. ఇప్పుడు బజార్ల గసొంటి డబ్బలు దొరుకుతలేవు. అంగట్ల ఒకడు కాయితం సంచులల్లకెళ్లి పాలపొడి తూకానికి అమ్ముతుండు. అంతయ్య పెండ్లాం శంకరవ్వ చాయకు తెచ్చుకుంటది. నేను బిడ్డకు తెచ్చిన. తెచ్చి నీ డబ్బల పోసిన. నా ఇంట్ల చాయపత్త డబ్బల ఉప్పు ఉంటది, బిస్కిట్ల డబ్బల మిరపకాయలుంటయి, కాలనిల ఏ ఇంట్ల చూసినా గంతే. పాలడబ్బల పాలపొడి పోసిన, గిదొక్కటన్న దేని జాగల దాన్ని పెట్టిన అనుకున్న.

నువ్వు డబ్బ మీద ఏం రాసున్నదో పంపుమన్నవు, పంపిన. డబ్బల ఏమున్నదో నువ్వు అడగలే, నేను చెప్పలే.

ఇంకొకటి దాచిన. నా పాలు ఎండలే. నాకు మళ్ల నెల తప్పింది. కడుపుతోని ఉన్నదాని పాలు ఇసమని, తాగితే పోరడు దక్కడని అత్తమ్మ మాన్పిచ్చింది. నీ అవ్వ మీద నీకు చాడీ రాసినట్లయితదని ఎండినయని రాసిన. రొమ్ములకు గుడ్డ బిగగట్టుకొని, సలుపుకు ఓర్వలేక గోడ చాటుకు పోయి పిండి పారబోసిన. వాడు లోపల ఏడుస్తుండె.

నిన్నటిసంది ఎడమ కన్ను తెరుస్తలేడు. డాక్టరమ్మ రెండు కండ్లకు కట్టు కట్టింది. నేను పక్కకు జరిగితే చాలు, చేతులు గాల్ల ఆడిస్తుండు. నువ్వు రా.

నాగవ్వ


టెలిగ్రాం
జమ్మికుంట, 14 సెప్టెంబర్ 1966

పొడి ఆపండి. ఈ బండికే వస్తున్నాను. అనసూర్య.


హుజూరాబాద్,
4 అక్టోబర్ 1966

వదినా,

మిమ్మల్ని వార్డులో వదిలి, సెలవు అయిపోయిందని బండి ఎక్కాను. జమ్మికుంట దాకా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను. ఎదుట కూర్చున్న ముసలమ్మ "బిడ్డా, ఎవలన్న పోయిండ్రా" అని అడిగింది. లేదన్నాను.

రాగానే మా ఆఫీసు గోదాము తలుపు తీయించాను. బడిపిల్లలకు పాలు కాచి పోయడానికి వచ్చినవి, నువ్వు రాసినట్టి కాగితపు సంచులే, అక్కడ గోడవారన పేర్చి ఉన్నాయి. వాటిమీదే కూర్చొని నేను టూరు డైరీలు రాస్తుంటాను. నెలల తరబడి కూర్చున్నాను గాని, ఏ రోజూ వంగి చదవలేదు. పైన పెద్ద అక్షరాలు, కొవ్వు తీసిన పాలపొడి అని. కింద చిన్న అక్షరాల్లో, విటమిన్ ఎ కలపలేదని, చంటిపిల్లలకు ఇదొక్కటే పట్టరాదని. పాలలోంచి వెన్న తీస్తే ఆ విటమిన్ వెన్నతోనే పోతుంది. బడిపిల్లలు ఇంటి దగ్గర ఇంకేదో తింటారు, వాళ్లకు ఇది మంచిదే. మన రాయమల్లుకు వేరే తిండి లేదు. ఉన్నదాన్ని నేనే ఆపించాను.

నువ్వు పంపిన అంకెలు నిజం, పట్టిక నిజం, నా హెచ్చవేతా నిజమే. ఖాళీ డబ్బాకు లెక్క కట్టాను.

ఇది చెప్పడానికే ఉత్తరం మొదలుపెట్టానని అనుకుంటావు. కాదు. డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి మాట్లాడింది కదా. లోపలికి వచ్చి, రెండు కళ్లూ బాగవుతాయట అని నీతో చెప్పాను. ఆమె అట్లా అనలేదు. ఎడమకన్ను పోయింది వదినా. నల్లగుడ్డు మెత్తబడి చితికింది. మానాక తెల్లగా పువ్వు నిలిచిపోతుంది. కుడికన్ను సంగతి తాను చెప్పలేనంది. సూదులు, చేపనూనె చుక్కలు పనిచేస్తే నిలుస్తుంది. కట్టు విప్పి ఇంటికి పోయాక, పొద్దుగూకే మసక వెలుతురులో వాడు ఎట్లా మసులుకుంటాడో చూస్తేనే తెలుస్తుందట.

నీ ముఖం చూసి ఇది చెప్పలేకపోయాను. నువ్వు నేలమీద కూర్చొని, వాడి రెండు చేతులూ నీ కడుపుమీద పెట్టుకొని, తమ్ముడు ఉన్నాడురా అని చెబుతున్నావు. అవ్వ కూడా అప్పుడే, "పాలు నేనే మాన్పిచ్చిన, కోడలిని ఏమనకు" అని డాక్టరమ్మతో గట్టిగా చెప్పి, బయటికి పోయి మెట్లమీద కూలబడింది. కడుపుతో ఉన్న తల్లి పాలు విషం కావని డాక్టరమ్మ అంతకుముందే అన్నది. నా తల్లి తన తప్పు ఒప్పుకోవడం నేను అదే మొదటిసారి చూడడం.

నన్ను తిట్టు. కాని మసకవేళ వాణ్ని చూసి, ఒక్క ముక్క రాయి.

అనసూర్య


బెల్లంపల్లి,
12 అక్టోబర్ 1966

అనసూర్యకు,

ఉత్తరం అందింది. చదివాను. ఎడమ కన్ను సంగతి నాకు వార్డులోనే తెలుసు. అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటావు.

ఇంటికి వచ్చాం. కొన్నాళ్లు నాకు రాయకు.

నాగవ్వ


హుజూరాబాద్,
19 నవంబర్ 1966

వదినా,

రాయవద్దన్నావు. నెల దాటింది, ఇక ఉండలేను. జవాబు ఇవ్వకపోయినా సరే.

నూనె సీసా పార్సిలు చేశాను. దాని మీద ఇంగ్లీషులో ఏముందో నేనే తెలుగులో రాసి అంటించాను, కాని దాన్ని కూడా నమ్మకు. మూత బిగించి ఉందో లేదో చూడు, వాసన చూడు, డాక్టరమ్మకు చూపించి ఆమె చెప్పినన్ని చుక్కలే వెయ్యి. ఎక్కువ వేస్తే త్వరగా చూపు వస్తుందనుకోకు, ఎక్కువైనా ప్రమాదమే.

ఇప్పుడు ఏ ఊరికి పోయినా నేను పాఠం చెప్పడం లేదు. ఇండ్లలోకి పోయి డబ్బాలు దించి మూతలు తీయమంటున్నాను. ఆడవాళ్లు నవ్వుతున్నారు. ఒకామె, "గీ పంతులమ్మ ఇంట్ల కుండలు లెక్కవెట్ట వచ్చింది, దాసుకోండ్రి" అన్నది. పాలడబ్బాలో ఒక ఇంట్లో శనగపిండి, ఒక ఇంట్లో మేకులు, ఒక ఇంట్లో ముసలాయన ముక్కుపొడి. ఒక ఇంట్లో ఆ తెల్ల పొడి. అక్కడ ఉయ్యాలలో పిల్ల ఉంది. దీపం తెచ్చి దాని ముఖం ముందు తిప్పాను. చూసింది. దీపం వెంట కళ్లు తిప్పింది. ఆ తల్లి నన్ను పిచ్చిదాన్ని చూసినట్లు చూసింది, ఎందుకంటే నేను ఏడుస్తున్నాను.

సాయంకాలమైతే నాకు భయం పట్టుకుంటుంది. గదిలో దీపం ముట్టించకుండా, ఎడమకన్ను మూసుకొని, మంచం నుంచి తలుపు దాకా నడిచి చూస్తున్నాను. కుర్చీలకు తగులుతున్నాను. నేను పెద్దదాన్ని, నాకు ఆ గది తెలుసు.

కుడికన్ను నిలిచిందా వదినా? ఆ ఒక్క మాట.

అనసూర్య


బెల్లంపల్లి,
10 డిసెంబర్ 1966

అనసూర్యా,

నీకు కోపంతో జవాబు ఇవ్వలేదనుకుంటున్నావు. మొదట్లో కోపమే. తర్వాత అది కాదు. నువ్వు అడిగిన మాటకు నా దగ్గర జవాబు లేదు. ఎందుకు లేదంటే, నేను చూడలేదు.

డాక్టరమ్మ చెప్పింది, నువ్వు రాశావు, మసక వెలుతురులో చూడమని. నేను పొద్దు గూకకముందే వాణ్ని పండబెడుతున్నాను. నిద్ర రాకున్నా జోకొట్టి, కొంగు కప్పి, పండబెడుతున్నాను. పగలు బాగానే తిరుగుతున్నాడు, ఆకుకూర అన్నం కలిపి పెడితే తింటున్నాడు, కండ పట్టాడు, నడుస్తున్నాడు. ఎడమ కంట్లో పువ్వు పడ్డది, తెల్లగా. పగలు కనిపిస్తున్నదని తెలిస్తే చాలు, సాయంత్రం సంగతి తెలియకపోతేనే మంచిదని ఇన్నాళ్లు గడిపాను. అత్తమ్మ చూసి చూసి, "దాసిపెడితె దాగుతదా" అన్నది. తప్పు తనది కూడా అనుకుంటున్నది కాబట్టి గట్టిగా అనలేదు.

నాకు నెలలు నిండినవి. కానుపుకు నువ్వు రా. పుట్టేవాళ్లకు ఏం పెట్టాలో కాగితం మీద కాదు, ఇక్కడ కూర్చొని చెబుదువుగాని. నా పాలు మాత్రం ఈసారి ఎవరూ మాన్పించలేరు.

నిన్న నడుము లాగి, వంగి లేవలేక, వాణ్ని ఎత్తుకునేసరికి ఆలస్యమైంది. అప్పటికే పొద్దు గూకింది. పొయ్యిల పొగ కాలనీ అంతా కమ్ముకొని ఉంది. బొగ్గుబాయి జనమంతా షిఫ్టు దిగి వస్తున్నారు. ముఖాలు, బట్టలు, చేతులు అన్నీ మసే. నేనే ఒకసారి మీ అన్నను పోల్చలేక ఇంకెవరికో చెంబుతో నీళ్లిచ్చాను. నేను గడప పట్టుకొని లేచేసరికి వీడు వాకిలి దాటి బాట మీదికి పోయాడు.

పిలవాలనుకున్నాను. పిలిస్తే నా గొంతు పట్టుకొని వస్తాడు, అప్పుడేం తెలుస్తుంది అని ఆగాను. అట్ల నిలబడి చూసిన. బాటలో గుంత ఉన్నది, దాని పక్కనుంచి పోయిండు. ఆ వచ్చేవాళ్లలోకి పోయి ఒక మనిషి కాళ్లు చుట్టుకున్నడు. మీ అన్న కాడు. అంతయ్య. మీ అన్న నాలుగడుగుల వెనక ఉన్నడు.

తండ్రిని పోల్చలేదు, వీనికి ఏమీ ఆనతలేదు అనుకున్న. మీ అన్న కూడా అదే అనుకున్నడు, నడిచేవాడు అక్కడే ఆగిపోయిండు, ఆయన ముఖం చూడలేకపోయిన.

అంతయ్య వాణ్ని ఎత్తుకోలేదు. కదలకుండ నిలబడ్డడు. చేతిలో ఉన్న బూట్లు చూపిచ్చిండు. కాళ్లు ఒరుసుకుపోతున్నయని విప్పి పట్టుకొని, ఉత్త కాళ్లతో వస్తున్నడు. నేను దగ్గరికి పోంగనె మెల్లగ అన్నడు:

"చెల్లె, నేను దగ్గలే, పిల్వలే, అడుగు సప్పుడు సుత లేదు. పోరడు సూసే వచ్చిండు."

తప్పు మనిషి దగ్గరికే పోయిండు అనసూర్యా. చూసి పోయిండు.

నీ వదిన,
నాగవ్వ